కొత్త ఇంటి సామాను: మన దగ్గర తయారైందా, సగం ధర దిగుమతిదా?

నమస్తే అండి. మీ ప్రశ్న ఇల్లు కట్టే చాలామందికి వచ్చేదే కాబట్టి ముందు దాన్ని రెండు ముక్కల్లో చెప్తాను. విజయవాడ పక్క పోరంకిలో కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లుగా ఇల్లు కడుతున్నారు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ రాసిచ్చిన లిస్టుకి వన్‌టౌన్ షాపులో 3 లక్షల 40 వేలు చెప్పారు. అదే లిస్టు ఆన్‌లైన్‌లో, పేరు వినని బ్రాండ్లతో, లక్షా 90 వేలకు వస్తోంది. నాన్నగారేమో మన దేశంలో తయారైందే కొనాలంటున్నారు, బావమరిదేమో ఏది కొన్నా లోపలంతా చైనాదే కదా అంటున్నారు.

లిస్టు మొత్తానికి ఒకటే జవాబు పెట్టుకోకండి. గోడలోపల పూడ్చేసేవి, నీళ్ళూ కరెంటూ ఒకచోట ఉండేవి, రోజంతా తిరిగేవి: ఈ మూడు రకాలకూ తయారు చేసినవాడి చిరునామా మన దేశంలో ఉండాలి, విడిభాగం విజయవాడలోనో గుంటూరులోనో దొరకాలి. ఇక్కడ మాత్రం బేరం కోసం నాణ్యత వదులుకోవద్దు. మిగతావాటిలో దిగుమతి సరుకు తీసుకున్నా కొంప మునగదు.

అసలు సగం ధరకు ఎలా ఇస్తున్నాడో ముందు చూడండి. కొంత న్యాయమైన కారణమే. చైనాలో ఒకే రకం వస్తువును లక్షల్లో, కోట్లలో తయారు చేస్తారు. అచ్చుల ఖర్చు, ముడిసరుకు, రవాణా అన్నీ అక్కడ కలిసొస్తాయి. ఎల్‌ఈడీ చిప్పు, చిన్న కంట్రోల్ బోర్డు లాంటివి ఆ ధరకు మన దగ్గర ఇంకా రావడం లేదు. కానీ ధర సగానికి పడిపోవడానికి అదొక్కటే చాలదు. మిగతా తేడా రాగి తగ్గించడం వల్ల, పరీక్షలు ఎగ్గొట్టడం వల్ల, అమ్మాక జవాబు చెప్పే మనిషి లేకపోవడం వల్ల వస్తుంది. దిగుమతిదారు ఒక కంటైనర్ సరుకు తెప్పించి దాని మీద ఏదో పేరు వేయిస్తాడు. అది అమ్ముడయ్యాక తర్వాతి కంటైనర్ ఇంకో ఫ్యాక్టరీ నుంచి, ఇంకో పేరుతో వస్తుంది. మూడేళ్ళ తర్వాత మీకు దాని బోర్డో బుష్షో (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) కావాలంటే ఆ పేరే ఉండదు. మీరు ఆదా చేశామనుకున్న డబ్బు నిజానికి ఆ స్పేర్లకు, ఆ జవాబుదారీకి కట్టాల్సిన డబ్బే.

ఇక ఏది మన దేశపు సరుకో పోల్చుకోవడం. ఇక్కడ మూడు అపోహలు బాగా తిరుగుతున్నాయి. బార్‌కోడ్ 890తో మొదలైతే ఇండియాలో తయారైనట్టేనని వాట్సాప్‌లో తెగ పంపుకుంటారు. అది తప్పు. 890 అంటే ఆ బార్‌కోడ్ తీసుకున్న కంపెనీ బార్‌కోడ్లు ఇచ్చే మన దేశపు జీఎస్1 సంస్థలో నమోదైందని మాత్రమే అర్థం. సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు. రెండోది, బ్రాండ్ మనదైతే సరుకూ మనదేననుకోవడం. పాతకాలం నుంచి పేరున్న మన కంపెనీలు కొన్ని చిన్న వస్తువుల్ని బయట చేయించి పేరు మాత్రం వేసుకుంటున్నాయి. జపాన్, కొరియా, ఫ్రాన్స్ కంపెనీలేమో ఇక్కడే ఫ్యాక్టరీలు పెట్టి మనవాళ్ళతో తయారు చేయిస్తున్నాయి. మీరు చూడాల్సింది బ్రాండ్ పుట్టిల్లు కాదు. పెట్టె మీద సన్న అక్షరాల్లో "మాన్యుఫ్యాక్చర్డ్ బై" అని ఉందా, "ఇంపోర్టెడ్ అండ్ మార్కెటెడ్ బై" అని ఉందా చూడండి. ఉత్త "మార్కెటెడ్ బై" మాత్రమే ఉండి తయారీదారు చిరునామా లేకపోతే ఆ పెట్టె పక్కన పెట్టేయండి. ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ 2011 ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం ఉండి తీరాలి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. ఆన్‌లైన్ అమ్మకాలకూ 2020 నుంచి ఆ నిబంధన ఉంది. అయితే వెబ్‌సైట్‌లో "కంట్రీ ఆఫ్ ఆరిజిన్" గడిని అమ్మేవాడే నింపుతాడు. అక్కడ ఇండియా అని ఉన్నా, పార్సెల్ వచ్చాక పెట్టె మీద ఏముందో చూసి, తేడా ఉంటే ఫొటో తీసి అదే రోజు వాపసు పెట్టండి.

మూడోది, ఐఎస్ఐ గుర్తుంటే దేశీ సరుకేననుకోవడం. ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ విదేశీ ఫ్యాక్టరీలకు కూడా లైసెన్సులు ఇస్తుంది. గుర్తు నాణ్యతకు సంబంధించింది, పుట్టుకకు కాదు. కానీ ఆ గుర్తు ద్వారానే పుట్టుక కూడా తెలుసుకోవచ్చు. ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి, లైసెన్సు వివరాలు సరిచూసే చోట ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, ఫ్యాక్టరీ చిరునామా, ఏ వస్తువుకు ఇచ్చారు, లైసెన్సు ఇంకా నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. ఫ్యాక్టరీ కోయంబత్తూరులో ఉందో, చైనాలోని షెన్‌జెన్‌లో ఉందో అక్కడే తేలిపోతుంది. డూప్లికేట్ సరుకులో ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే: నంబరు వేరే కంపెనీదై ఉంటుంది, లేదా ప్లగ్గుకు ఇచ్చిన లైసెన్సు నంబరు వైరు మీద అచ్చయి ఉంటుంది. షాపులో నిలబడి చేస్తే నిమిషం పని. కౌంటర్ దగ్గర మొహమాటపడకండి.

ఇప్పుడు వైర్లు. లిస్టులో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త వీటికే కావాలి, ఎందుకంటే ప్లాస్టరింగ్ అయ్యాక తప్పు బయటపడితే గోడ పగలగొట్టాలి. ఇంటి వైర్ల ప్రమాణం ఐఎస్ 694. వైరు పొడవునా కంపెనీ పేరు, ఐఎస్ఐ గుర్తు, సీఎం/ఎల్ నంబరు, సైజు, వోల్టేజీ అచ్చయి ఉండాలి. గోరుతో రుద్దితే చెరిగిపోయే అచ్చును నమ్మొద్దు.

చవక వైరులో మోసం రెండు రకాలు. ఒకటి, సైజు తగ్గించడం: పైన 2.5 (చదరపు మిల్లీమీటర్లు) అని ఉంటుంది, లోపల 2 కూడా ఉండదు. రెండోది ఇంకా చెడ్డది, అల్యూమినియం తీగకు పైన రాగి పూత వేసి రాగి వైరుగా అమ్మడం. దీన్ని సీసీఏ అంటారు. చూపుకు తేడా తెలియదు. ఒక్క పోగు తీసుకుని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. లైటర్ మంటలో పెడితే సీసీఏ పోగు మెత్తబడి తెగిపోతుంది. రాగి ఎర్రబడుతుంది కానీ అలా కరిగి తెగదు, ఎందుకంటే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1085 కావాలి.

సైజు మోసం పట్టుకోవడానికి తూకం చాలు. వైరు చివర 20 సెంటీమీటర్ల ముక్కలు ఐదు కోసి, తొక్క పూర్తిగా ఒలిచి, తీగల్ని మాత్రమే, తెలిసినవాళ్ళ బంగారం షాపులో తూకం వేయించండి. అంటే మొత్తం ఒక మీటరు రాగి. 1.5 సైజుకు 12 నుంచి 13 గ్రాములు రావాలి. 2.5కు 20 నుంచి 22, 4కు 32 నుంచి 35. మంచి కంపెనీవి ఈ అంకెల పై చివరకు దగ్గరగా ఉంటాయి. 1.5 అని అమ్మింది 9 గ్రాములే తూగితే సైజు కోసేసినట్టు, 5 గ్రాములే తూగితే అది రాగే కాదు. కాయిల్ కొయ్యకుండా చూడాలంటే మల్టీమీటరుతో రెండు కొసల మధ్య నిరోధం కొలవండి. 90 మీటర్ల 1.5 కాయిల్‌కు 20 డిగ్రీల దగ్గర 1.2 ఓంలు, 2.5 కాయిల్‌కు 0.72 ఓంలు దాటకూడదు. మన ఎండల్లో 40 డిగ్రీలున్నప్పుడు ఇంకో 8 శాతం పెరుగుతుంది, అది తప్పు కాదు. మామూలు మీటరు వైర్లకే అర ఓం దాకా ఉంటుంది కాబట్టి, ముందు ఆ రెండు మొనలు కలిపి ఎంత చూపిస్తుందో చూసి అది తీసేయండి. ఒక జాగ్రత్త: కాయిల్ పొట్టిగా ఉన్నా నిరోధం తక్కువే చూపిస్తుంది. మీటర్ల అంకెలు అచ్చు వేసే కంపెనీదైతే రెండు కొసల అంకెలు చూసి పొడవు కూడా సరిచూడండి.

సీసీఏ పెడితే ఏమవుతుంది? అదే సైజు రాగి వైరు కంటే నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు, కాబట్టి అదే కరెంటుకు వేడీ అంతే ఎక్కువ. 2000 వాట్ల గీజరు తీసుకునేది 8.7 ఆంపియర్లు, పొద్దున ఓ గంట ఆపకుండా. అయినా అసలు ముప్పు వైరు మధ్యలో కాదు, స్విచ్ స్క్రూ దగ్గర. అల్యూమినియం స్క్రూ కింద నెమ్మదిగా అణిగి వదులవుతుంది, గాలి తగిలి పైన పొర కడుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ప్లాస్టిక్ నల్లబడుతుంది, ఒకరోజు సాకెట్ కరుగుతుంది. ఎలక్ట్రీషియన్ సాకెట్ మార్చి వెళ్తాడు, ఆరు నెలల్లో మళ్ళీ అదే కథ. తప్పు సాకెట్‌ది కాదు.

మీ బావమరిది మాట ఇక్కడ కొంత నిజమే. 2018లో తూత్తుకుడి రాగి ప్లాంటు మూతపడ్డాక మన దేశం శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసే స్థితి నుంచి దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. కాబట్టి మీరు కొనే దేశీ వైరులో రాగి బయటిదే కావచ్చు. దానివల్ల మీకు నష్టమేమీ లేదు. తీగ లాగినవాడు, తొక్క ఎక్కించినవాడు, పరీక్షించి అచ్చు వేసినవాడు ఇక్కడున్నాడు. తేడా వస్తే అతని లైసెన్సు మీద ఫిర్యాదు చేయగలరు. ముడిసరుకు ఎక్కడిదన్నది వేరు, జవాబుదారీ ఎక్కడున్నదన్నది వేరు.

ఎంసీబీలు (కరెంటు మోతాదు మించితే ఆపే స్విచ్‌లు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) విషయంలో వాదనే వద్దు. పేరున్న కంపెనీది, ఇక్కడ తయారైంది, డీలర్ బిల్లుతో కొనండి. లైట్లకు 1.5 వైరు మీద 6 లేదా 10 ఆంపియర్లు, 2.5 మీద 16, ఏసీకి 4 వైరు వేస్తే 20, మొత్తం ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. పేరు లేని ఎంసీబీ విప్పి చూస్తే లోపల పుట్టే స్పార్కును ముక్కలు చేసే ఇనుప పలకల వరుస పలుచగా ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. అది మామూలు స్విచ్‌లా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. షార్ట్ సర్క్యూట్ జరిగిన రోజు మాత్రం లోపలే అతుక్కుపోయి కరెంటు ఆపదు. పనిచేయడం లేదని మీకు తెలిసేది ఆ రోజే. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మూడు నెలలకోసారి నొక్కి చూడండి.

బోరు మోటారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చవక దిగుమతి మోటారు కొని బాధపడేవాళ్ళు చాలామంది, దేశీ మోటారు తప్పుడు సైజుది కొని బాధపడేవాళ్ళు అంతకంటే ఎక్కువ. ముందు మీకు కావాల్సిన హెడ్, అంటే నీళ్ళు ఎక్కాల్సిన ఎత్తు, లెక్క వేసుకోండి. బోరులో నీళ్ళు 80 అడుగుల్లో నిలిచి, మోటారు నడిచేటప్పుడు 110కి దిగుతాయనుకుందాం. లెక్కలోకి 110 తీసుకోవాలి, 80 కాదు. నేల నుంచి ట్యాంకు మూతి దాకా 40 అడుగులు. మొత్తం 150. పైపు రాపిడికి, వంపులకు పదిశాతం కలిపితే 165 అడుగులు, అంటే 50 మీటర్లు. ఇప్పుడు మోటారు పెట్టె మీద 50 మీటర్ల దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లో చూడండి. 40 లీటర్లుంటే వెయ్యి లీటర్ల ట్యాంకు 25 నిమిషాల్లో నిండుతుంది, మీ ఇంటికి అది చాలు. ఒక హెచ్‌పీలో ఇది వస్తుంది. ఆన్‌లైన్ ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాసే "హెడ్ 300 అడుగులు" అంటే ఆ ఎత్తులో నీళ్ళు సున్నా అని అర్థం. డ్యూటీ పాయింట్ (ఏ ఎత్తుకు ఎన్ని లీటర్లో) చెప్పని మోటారు కొనొద్దు. నేమ్‌ప్లేట్ మీద హెచ్‌పీ, వోల్టేజీ, ఆంపియర్లు, హెడ్ పరిధి, లీటర్లు, స్టేజీలు, సీరియల్ నంబరు, ఐఎస్ 8034 గుర్తు, లైసెన్సు నంబరు ఉండాలి.

బోరు మోటార్లకు కోయంబత్తూరు, రాజ్‌కోట్ పెద్ద కేంద్రాలు. వాటిలో చెడిపోయేవి ఎప్పుడూ అవే: ఇసుకకు అరిగిపోయే బుష్షులు, ఇంపెల్లర్లు (నీళ్ళు తోసే చక్రాలు), అడుగున బరువు మోసే థ్రస్ట్ బేరింగ్, షాఫ్ట్ (ఇరుసు) సీలు, తక్కువ వోల్టేజీకి కాలిపోయే వైండింగ్ (లోపల చుట్టిన తీగ). కృష్ణ ఒడ్డు ఇసుక నేలల్లో బోరుతో సన్న ఇసుక రావడం మామూలే కాబట్టి మొదటి రెండూ మీకు ఎప్పటికైనా మార్చాల్సి వస్తాయి. తెలిసిన కంపెనీ మోటారైతే ఈ భాగాలన్నీ ఇక్కడి షాపుల్లో విడిగా దొరుకుతాయి. నీళ్ళు నింపే రకం మోటారు వైండింగ్ ప్లాస్టిక్ పూత రాగి తీగతో ఉంటుంది, వైండింగ్ షాపులో చేత్తో మళ్ళీ చుట్టగలరు. షాఫ్ట్ మీద స్లీవ్ అరిగితే ఆటోనగర్‌లో లేత్ మీద కొత్తది తీయించుకోవచ్చు. మనకు విజయవాడలో జవహర్ ఆటోనగర్ లాంటి చోటు ఉండటం ఎంత పెద్ద సౌకర్యమో, అలాంటిది లేని ఊరివాళ్ళకు బాగా తెలుసు.

చవక దిగుమతి మోటారులో చాలాసార్లు వైండింగ్ అల్యూమినియంది. వైండింగ్ ఉండే భాగాన్ని (స్టేటర్) స్టీలు డబ్బాలో మూసి రెసిన్ పోస్తారు. కాలిపోతే విప్పి చుట్టడానికి వీల్లేదు. షాఫ్ట్ లావు, కప్లింగ్ పళ్ళు, స్క్రూ మరలు వాళ్ళ సొంత కొలతలు. బుష్షు ఒక్కటి అరిగినా మోటారంతా పారేయాలి, మనుషుల్ని పెట్టి పైపులన్నీ పైకి లాగిన కూలి అదనం. మన దగ్గర కూడా పేరు లేకుండా బిగించి అమ్మే లోకల్ మోటార్లున్నాయి. అవి దేశీవన్న మాటేగానీ స్టాంపింగ్ రేకులు నాసిరకం, రాగి తక్కువ, త్వరగా వేడెక్కుతాయి. దేశీ అన్న మాట చూసి వాటిని వెనకేసుకురావాల్సిన పని లేదు. బిల్లు మీద "రాగి వైండింగ్" అని, హెచ్‌పీ, మోడల్, సీరియల్ నంబరు రాయించండి. స్టార్టర్ ప్యానెల్‌లో తక్కువ వోల్టేజీకి, నీళ్ళు లేనప్పుడు నడవకుండా ఆపే రక్షణ ఉన్నది పెట్టించండి. కండెన్సర్ విలువ నేమ్‌ప్లేట్ చెప్పినంతే ఉండాలి. "ఎక్కువ పెడితే బాగా లాగుతుంది" అంటే ఒప్పుకోవద్దు, వైండింగ్ కాలేది అలాంటివాటి వల్లే.

ఫ్యాన్లు. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి, అది లేని ఫ్యాన్ దుకాణంలో ఉంటే పాత సరుకో దొంగ సరుకో అయి ఉంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ (అయస్కాంతం, సర్క్యూట్ బోర్డుతో నడిచే రకం) 28 నుంచి 35 వాట్లు, మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా. మన దగ్గర ఒక ఫ్యాన్ రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరుగుతుందనుకోండి, 45 వాట్ల తేడా ఏడాదికి 216 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు లెక్కేసినా దాదాపు 1300 రూపాయలు. కాబట్టి హాలు, పడకగదుల్లో బీఎల్‌డీసీ పెట్టండి, ధర తేడా తొందరగానే తిరిగొస్తుంది. వీటిలో అయస్కాంతాలు, ఐసీలు చాలావరకు బయటినుంచి వచ్చినవే, ఏ బ్రాండ్ అయినా. పోయేది కూడా సర్క్యూట్ బోర్డే, ఉరుములప్పుడు వచ్చే కరెంటు పోటుకు. అందుకే కొనే ముందు కంపెనీ సర్వీస్ నంబరుకు ఫోన్ చేసి, "ఈ మోడల్ బోర్డు విడిగా ఇస్తారా, వారంటీ దాటాక ఎంత, విజయవాడలో ఎవరు మారుస్తారు" అని అడగండి. జవాబు చెప్పలేని కంపెనీ ఫ్యాన్ ఎంత చవకైనా వద్దు. ఎప్పుడో వాడే స్టోరు, పైన అద్దె పోర్షన్‌లో చిన్న గది లాంటిచోట మామూలు ఫ్యాన్ పెట్టుకోవచ్చు. అది ఆగితే మార్చాల్సింది కండెన్సరో, బేరింగో. వీధి చివర రిపేర్ షాపు చాలు.

లైట్లలో అంత భయం అక్కర్లేదు. చిప్పులు అందరివీ దాదాపు బయటివే. మీరు చూడాల్సింది డ్రైవర్, అంటే చిప్పుకు కరెంటు సరిచేసి ఇచ్చే బోర్డు. పెట్టె మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, 100 నుంచి 300 వోల్టుల దాకా పనిచేస్తుందా, కనీసం 2.5 కిలోవోల్టుల సర్జ్ (కరెంటు పోటు) రక్షణ రాశారా చూడండి. వెలిగించి ఫోన్ కెమెరాలో చూస్తే గీతలు బాగా పరిగెడుతుంటే డ్రైవర్ నాసిరకం, పిల్లలు చదువుకునే చోట పెట్టొద్దు. బాల్కనీలో, మెట్ల మీద అలంకారపు లైట్లు దిగుమతివి కొనుక్కోండి, ఏమీ కాదు.

కొళాయిలు. ఇవి గోడలోకి మరతో దిగుతాయి కాబట్టి మొదటి జాబితాలోకే వస్తాయి. చవక దిగుమతి ట్యాపుల్లో చాలావాటికి లోపల ఇత్తడి కాదు, జింకు పోత. పైన క్రోమ్ పూత ఒకేలా మెరుస్తుంది. వెనకవైపు మర దగ్గర పూత లేనిచోట గీకండి, పసుపు కనిపిస్తే ఇత్తడి, బూడిద రంగైతే జింకు. చేతిలోకి తీసుకుంటే అదే సైజులో జింకుది తేలిగ్గా ఉంటుంది. ఉప్పు బోరు నీళ్ళకు జింకు లోపలినుంచి తినేసి, ఒకరోజు ప్లంబర్ బిగించబోతే మెడ విరిగి ముక్క గోడలో ఉండిపోతుంది. అప్పుడు టైలు పగలాల్సిందే. మన ఇత్తడి సామాను ఎక్కువగా గుజరాత్ జామ్‌నగర్ నుంచి వస్తుంది. అక్కడా తుక్కు ఇత్తడితో పోసే చవకరకం ఉంది, దాన్నీ ఇదే పద్ధతిలో బరువు చూసి వదిలేయండి. మిక్సర్ ట్యాపులో తిరిగే సిరామిక్ కార్ట్‌రిడ్జ్ దిగుమతిదైనా పర్వాలేదు, 35 లేదా 40 మిల్లీమీటర్ల మామూలు సైజుది అయితే చాలు, తర్వాత ఎక్కడైనా దొరుకుతుంది.

పైపులు, టైల్స్ విషయంలో మీకీ గొడవే లేదు. ఇంత స్థలం ఆక్రమించే, ఇంత బరువుండే సరుకును ఓడలో తేవడం గిట్టదు. సీపీవీసీ పైపులకు ఐఎస్ 15778 చూసుకోండి, టైల్స్ దాదాపుగా గుజరాత్ మోర్బీవే వస్తాయి. ఏసీల సంగతి చెప్పాలంటే, 2020 అక్టోబర్‌లో గ్యాస్ నింపిన ఏసీల దిగుమతిని కేంద్రం నిషేధించింది. ఆ తర్వాత మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే డైకిన్, బ్లూస్టార్ ప్లాంట్లు వచ్చాయి. కంప్రెసర్ బయటిది కావచ్చు, కానీ యూనిట్ ఇక్కడ బిగించింది, విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయి.

పైకప్పు మీద సోలార్ పెట్టే ఆలోచన ఉందని కూడా రాశారు. ఇక్కడ దేశీ, విదేశీ తేడా నేరుగా మీ జేబుకు సంబంధించింది. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ రావాలంటే ప్యానెల్‌తో పాటు దానిలోని సెల్ కూడా మన దేశంలో తయారై ఉండాలి. వీటినే డీసీఆర్ ప్యానెళ్ళంటారు. దిగుమతి సెల్‌తో ఇక్కడ బిగించిన ప్యానెల్ మీద కూడా "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంటుంది, అది తప్పూ కాదు, కానీ దానికి సబ్సిడీ రాదు. ధర తక్కువ చెప్పే ఇన్‌స్టాలర్ ఒక్కోసారి చేసేది ఇదే. కొటేషన్‌లో "డీసీఆర్" అన్న మాట రాయించండి. ప్యానెళ్ళు పైకి ఎక్కించక ముందే ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫొటో తీసి, డీసీఆర్ సర్టిఫికెట్‌లోని నంబర్లతో సరిచూసుకోండి. బిగించాక వెనక్కి చేతులు దూరవు.

దిగుమతి సరుకు ధైర్యంగా కొనుక్కోగలిగినవి కూడా చెప్తాను: మల్టీమీటరు, డ్రిల్లు బిట్లు, అలంకారపు షాండ్లియర్, అద్దాలకు వెనక లైట్ల పట్టీలు, కర్టెన్ రాడ్లు, తలుపు స్టాపర్లు, సబ్బు పెట్టెలు. జపాన్ బేరింగులు మన మోటారులో వేయించుకున్నా మంచిదే. వీటిలో ఏది పోయినా గోడ పగలదు, మనిషికి దెబ్బ తగలదు.

ఖర్చు తగ్గించుకునే దారి వేరే ఉంది. మీ లిస్టులో మాడ్యులర్ స్విచ్ ప్లేట్లు గాజు రకం, యాప్‌తో నడిచే స్విచ్‌లు ఎనిమిది గదులకు రాశారు. అదే కంపెనీలో మామూలు తెల్ల ప్లేట్ల వరుస తీసుకోండి, లోపలి స్విచ్ నాణ్యత చాలావరకు అదే ఉంటుంది. యాప్ స్విచ్‌లు వదిలేసి డీప్ బాక్సులు (లోతైన స్విచ్ బాక్సులు), న్యూట్రల్ వైరు మాత్రం ఇప్పుడే వేయించుకుంటే తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. షవర్ ప్యానెళ్ళు తీసేసి మామూలు ఇత్తడి షవర్లు పెట్టండి. ఉత్తగా పెంచిన లైట్ పాయింట్లు తగ్గించండి. మీ తేడా లక్షన్నరలో పెద్ద భాగం ఇక్కడే దొరుకుతుంది, వైర్లు, మోటారు జోలికి పోకుండానే. ఒకేసారి మొత్తం లిస్టు ఇస్తానంటే వన్‌టౌన్‌లోనూ గవర్నర్‌పేటలోనూ రేటు తగ్గిస్తారు. మూడు షాపుల కొటేషన్లు తీసుకోండి, కానీ కంపెనీ, మోడల్ రాసి ఇవ్వండి. ఉత్త "2.5 వైరు 6 కాయిల్స్" అని రాస్తే ఎవరి రేటు దేనికో తెలియదు.

బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం తగ్గుతుందంటారు. ఒప్పుకోవద్దు. బిల్లు లేని వస్తువుకు వారంటీ లేదు, డూప్లికేట్ అని తేలినా నిలదీయడానికి రుజువు ఉండదు. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు ఉన్న జీఎస్టీ బిల్లే తీసుకోండి. తేడా వస్తే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చాలా కేసులు అక్కడే తేలుతాయి. తేలకపోతే 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. దిగుమతి సరుకుకు కూడా ఇది వర్తిస్తుంది, కాకపోతే నోటీసు అందుకునే దిగుమతిదారు ఆ చిరునామాలో ఉండాలి. పెట్టె మీద చిరునామా ముందే చూడమన్నది అందుకే.

సరుకు దిగిన రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ప్రతి సైజు వైరులో ఒక కాయిల్‌కు పైన చెప్పిన తూకం, బ్లేడు పరీక్ష రెండూ చేయించండి. పైపుల్లోకి లాగక ముందైతే షాపువాడు మార్చి ఇస్తాడు. కాయిల్ లేబుళ్ళు, మోటారు నేమ్‌ప్లేట్, బిల్లులు ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, మోటారు నేమ్‌ప్లేట్ మాత్రం బోరులోకి దించక ముందే.